మనోళ్లకు ఏం చేసిండు?

నాయిన పోయిన పదకొండో రోజు, భోజనాల కాడ, మాకు దూరపు సుట్టం ఒకాయన విస్తరి ముందు కూసొని పక్కాయనతోని అన్నడు, "మంచోడే, కాదంటలేను, గని ముప్పై ఐదేండ్లు బ్యాంకుల పనిచేసిండు, మనోళ్లకు ఏం చేసిండు చెప్పు?" నేను పప్పుచారు బకెట్ పట్టుకొని అదే వరుసల వడ్డిస్తున్న. ఆయన నన్ను చూసి మాట మార్చిండు. నేను ఆయనకు చారు పోసి ముందటికి పోయిన. ఏమనలే. ఏమనకుండ వచ్చినందుకు అప్పటిసంది ఆ మాట నా లోపల తిరుగుతనే ఉంది, నిద్రపట్టని రాత్రులల్ల ఆయనకు జవాబు చెప్పుకుంటనే ఉన్న, ఇగ ఇక్కడ రాసేస్తున్న.

నల్లగొండ రామగిరిల మా గల్లీ మలుపు కాడ కట్టిన ఫ్లెక్సీ మీద "ఉత్తమ బ్యాంకు అధికారి, కుటుంబమే ప్రాణంగా బతికిన మనిషి" అని రాయించిండ్రు మా తమ్ముని దోస్తులు. ప్రేమతోనే రాయించిండ్రు. గని అది చదివితే పొద్దుగాల తొమ్మిదింటికి ఒక మనిషి బయటికి పోయి, రాత్రి ఎనిమిదింటికి వేరే మనిషి ఇంటికి వచ్చినట్టు అనిపించింది. నాకు తెలిసిన నాయిన ఒక్కడే. ఆ సుట్టపాయన అడిగిన దానికి నా జవాబు గూడ అండ్లనే ఉంది. ఆ కుర్చీల కూసొని మనోళ్లకు ఏం చెయ్యకపోవుడే నాయిన మనోళ్లకు చేసిన అన్నిటికన్నా పెద్ద పని. ఇది వినెటోళ్లకు మొండి మాటలెక్క అనిపిస్తది, నాకు గూడ చానా ఏండ్లు అట్లనే అనిపించింది.

నాయిన 1978ల గ్రామీణ బ్యాంకుల క్లర్కు కమ్ క్యాషియర్‌గా చేరిండు. అప్పటికి గ్రామీణ బ్యాంకు అనేదే కొత్త. 1975 అక్టోబర్ 2న దేశం మొత్తంల ఐదంటే ఐదు బ్యాంకులతోని మొదలువెట్టి, 1976ల చట్టం చేసిండ్రు. పెట్టుబడిల రూపాయికి 50 పైసలు కేంద్రానివి, 15 పైసలు రాష్ట్రానివి, 35 పైసలు దాన్ని నిలబెట్టే పెద్ద బ్యాంకువి, స్పాన్సర్ బ్యాంకు అంటరు. పెద్ద బ్యాంకులోళ్లు పల్లెలల్లకు రారు, వచ్చినా ఆ జీతాలు పల్లె బ్రాంచి మొయ్యలేదు, కాబట్టి ఆ ఊర్ల భాష తెలిసిన పిల్లగాండ్లను రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల జీతాల మీద పెట్టుకోవాలె అన్నది అప్పటి ఆలోచన. అంటే అదే లెడ్జరు, అదే క్యాషు, అదే రిస్కు, జీతం మాత్రం తక్కువ. పెద్ద బ్యాంకులోళ్లతోని సమానం కావాలని యూనియన్లు ఏండ్లకేండ్లు కొట్లాడితే 1990ల జస్టిస్ ఓబుల్ రెడ్డి ట్రిబ్యునల్ అవార్డు వచ్చింది, 1987 సెప్టెంబర్ 1 నుంచి లెక్కగట్టి ఇయ్యాలన్నది. ఆ బకాయిల పైసలతోనే నల్లగొండల మా ప్లాటు కొన్నడు. "ఈ జాగ ఓబుల్ రెడ్డి ఇచ్చిండు బిడ్డా" అనెటోడు. నేను చిన్నప్పుడు ఓబుల్ రెడ్డి అంటే మాకు ప్లాటు అమ్మినాయన అనుకున్న.

దేవరకొండ, చింతపల్లి, మర్రిగూడ, మళ్ల దేవరకొండ దిక్కే ఇంకో బ్రాంచి, మూడు మూడేండ్లకు ట్రాన్స్‌ఫర్. మా చదువుల కోసం మమ్ములను నల్లగొండల ఉంచి ఆయన రోజూ ఆర్టీసీ బస్సుల తిరిగిండు. ఇప్పుడు కంప్యూటర్ నొక్కితే లెక్క కుదురుతది, అప్పుడు అట్ల లేదు, పొద్దుమాపు అన్ని వోచర్లు కూడి క్యాష్ బుక్‌తోని ట్యాలీ కావాలె, పది పైసలు తేడా ఉన్నా ఆ పది పైసలు దొరికెదాక లేవద్దు. చివరి బస్సు పోతే బ్యాంకులనే బల్ల మీద పండుకునెటోడు. మాకు ఫోన్ లేదు. తొమ్మిది దాటినంక అమ్మ గిన్నెల మీద మూతలు పెట్టి, "ఇయ్యాల లెక్క కలిసినట్టు లేదు" అని లైటు తీసేస్తుండె.

క్యాషు తక్కువ పడితే జేబులకెల్లి కట్టాలె, అది అందరికీ తెలుసు. గని నాయినకు ఎక్కువొస్తేనే నిద్రపట్టకపోతుండె. ఎక్కువొచ్చిందంటే ఎవరికో తక్కువ ఇచ్చినట్టు కదా. రూల్ ప్రకారం దాన్ని సండ్రీల, అంటే ఎవరివో తేలని పైసల ఖాతాల వేసి చేతులు దులుపుకోవచ్చు. ఈయన వోచర్లు తిరగేసి, ఎవరికి ఏ నోట్లు ఇచ్చినో యాదిచేసుకొని, తెల్లారి ఒక తండాకు నడిచిపోయి ఒక ముసలామెకు వంద రూపాయలు ఇచ్చివచ్చిండని అమ్మ చెప్పింది. ఆమెకు తక్కువొచ్చినట్టు గూడ తెల్వదట.

తండాల మాటొచ్చింది కాబట్టి ఇంకోటి చెప్పాలె. ఆ బ్రాంచిలకు వచ్చే డిపాజిట్లు ఎట్లుంటయో నేను ఒకసారి ఎండకాలం సెలవులల్ల ఆయనతోని పోయి చూసిన. ఒకామె కొంగు ముడి విప్పింది, అండ్ల ఇంకో గుడ్డ, ఆ గుడ్డల పసుపు అంటిన నోట్లు, చెమటకు మెత్తబడినయ్. నాయిన ఒక్కొక్కటి చేతితోని సాపు చేసి, రెండుసార్లు లెక్కవెట్టి, అంకె ఆమెకు వినబడేటట్టు చెప్పి, మళ్ల ఆమెతోని చెప్పించిండు. రెండు వేల రూపాయలు. బిడ్డ పెండ్లికని ఫిక్స్‌డ్ వేసింది. బస్సుల వస్తుంటే నాయిన అన్నడు, "లోనిచ్చేటప్పుడు అందరు సర్కారు పైసలు అనుకుంటరు. సర్కారుది కాదు, గా ముడిలది." నేను అప్పుడు ఏడో తరగతి. ఆ మాట ఎందుకు చెప్పిండో నాకు సమజైనది మా చిన్నాయిన లొల్లి అప్పుడే.

దానికంటే ముందు బర్ల ముచ్చట. ఐఆర్‌డీపీ అని పల్లెల బీదోళ్లకు సర్కారు సబ్సిడీతోని లోన్లు ఇచ్చిన కాలంల చిన్న రైతుకు నాల్గో వంతు సబ్సిడీ, సన్నకారు రైతుకు, కూలోళ్లకు మూడో వంతు, గిరిజనులకు సగం. సబ్సిడీ ఉన్నకాడ దళారి ఉంటడు. ఒకే బర్రెను ముగ్గురికి చూపించుడు, చెవికి వేసిన ఇన్సూరెన్స్ బిళ్ల కోసి ఇంకో దానికి వేసుడు, ఇవన్ని నడుస్తుండె. నాయిన ఫీల్డ్ ఆఫీసర్ అయినంక అంగడికి పోయి బర్రె పండ్లు పట్టి చూసి, పాలు పిండించి చూసి అప్పుడు సంతకం పెట్టెటోడు. మా మేనమామ ఒకాయన, అమ్మ సొంత అన్న, అప్పుడు బర్ల యాపారం చేసెటోడు, "బావా, రెండు బర్లు నావి గూడ ఎక్కియ్యి" అని ఇంటికి వచ్చిండు. నాయిన అన్నం పెట్టించిండు, బస్సు కిరాయి ఇచ్చిండు, బర్లు ఎక్కియ్యలే. అమ్మ నాయినతోని వారం మాట్లాడలే. 1990ల పది వేల దాంక రుణమాఫీ వచ్చినప్పుడు గూడ అంతే, రాత్రిళ్లు ఇంటికి వచ్చి లిస్టుల పేరు ఎక్కియ్యమనెటోళ్లు, అండ్ల సగం మంది సుట్టాలే. అప్పటికే మా ఇంటికి వచ్చే సుట్టాలు తగ్గిండ్రు.

ఇగ చిన్నాయిన సంగతి. 2002ల కాలం కాలే. మా ఊరు మర్రిగూడ దిక్కు, ఫ్లోరైడ్ నీళ్ల ఊరు, నడుములు వంగని మనుషుల ఊరు. చిన్నాయినకు నాలుగెకరాల చెల్క. బోరు వేసి బత్తాయి తోట పెడతనన్నడు, నల్లగొండ జిల్లాల అప్పుడు ఎవరిని చూసినా బత్తాయే. మా ఊరు పడే బ్రాంచి మేనేజరు నాయినకు దోస్తు, ఒక్క ఫోన్ చేస్తే పని అయితది. చిన్నాయిన వచ్చి, "అన్నా, జమానతు అడుగుతలేను, ఒక్క మాట చెప్పరాదే" అన్నడు. నేను పక్క రూంల ఉన్న, విన్న. నాయిన చానాసేపు ఏమనలే. తర్వాత, "తమ్మీ, నీ భూమిల నీళ్లున్నయని భూగర్భజలాలోళ్లు రాసిస్తే నేను చెప్పకున్నా లోను ఇస్తరు. లేవని రాస్తే, నేను చెప్తే అప్పుడు గూడ ఇస్తరు. గందుకే చెప్ప" అన్నడు.

చిన్నాయిన చాయ తాగకుండ లేచిపోయిండు. బ్యాంకు లోను రాలే. మూడు రూపాయల మిత్తికి బయట తెచ్చిండు, అంటే లక్షకు నెలకు మూడు వేలు, ఏడాదికి ముప్పై ఆరు వేలు. మొదటి బోరుల దుమ్ము లేచింది. రెండో దాండ్ల బొటనవేలంత ధార పడితే మొక్కలు పెట్టిండు, రెండో ఎండకాలానికి ఎండిపోయినయ్. చిన్నమ్మ మెడల పుస్తెలు తప్ప ఏం మిగల్లే. నాలుగేండ్లు చిన్నాయిన మా ఇంటి గడప తొక్కలే, దసరా నాడు ఊర్లె జమ్మి బంగారం అందరి చేతుల్ల పెట్టి అలాయ్ బలాయ్ తీసుకునెటోడు, నాయిన ముందటికి వచ్చి పక్కకు మలిగెటోడు. నాయిన చేతులు చాపి ఉండేవి, మెల్లగ దించుకునెటోడు. ఇది నేను కండ్లార చూసిన.

ఇంతవరకైతే, చూడు, నాయిన చెప్పిందే నిజమైంది, నీళ్లు లేకుండె అని నేను గెలిచినట్టు రాసుకోవచ్చు. గని కథ అక్కడ ఆగలే. 2008ల కేంద్రం రుణమాఫీ చేసింది, ఐదెకరాల లోపు రైతులకు బ్యాంకులల్ల కట్టకుండ ఉండిపోయిన బాకీ మొత్తం మాఫీ, అంతకు ఎక్కువున్నోళ్లకు నాల్గో వంతు. చిన్నాయిన చెల్క పక్కనే ఇంకో రైతు, ఆయనకు గూడ నాలుగెకరాలే, ఆయన బోరు లోను బ్యాంకుది, బాకీపడ్డ కిస్తులన్ని మాఫీ అయినయ్. చిన్నాయిన అప్పు వడ్డీ యాపారికి, దానికి మాఫీ లేదు. "మా అన్న ఒక్క ఫోన్ చేసుంటే ఇయ్యాల నా పేరు గూడ ఆ లిస్టుల ఉండు" అని ఊరంత చెప్పుకున్నడు. లెక్క ప్రకారం ఆయన మాట నిజమే. ఆ నిజాన్ని నేను దాచిపెట్టి నాయినను పొగిడితే నాయినకే నచ్చదు.

అయినా నాయినదే సరి అని ఎందుకంటున్ననంటే, ఆ పక్క రైతుకు లోను వచ్చింది ఆయన భూమిల నీళ్ల పాయింట్ ఉందని రాసిచ్చినందుకు, ఆయనకు బ్యాంకుల అన్న లేడు. కరువు ఏడాది ఆ బ్రాంచి ముందట ఎంతమంది బోర్లకు అర్జీలు పెట్టుకొని ఉంటరు, అందరికీ ఇచ్చేటన్ని పైసలు ఏ బ్రాంచిల ఉండవు, ఒకరి కాయితం ఫోన్ మీద పైకి పోతే ఇంకొకరి కాయితం కిందికి పోతది, ఆ కిందికి పోయినాయన ఎవరో మనకు తెల్వదు కాబట్టి మనకు బాధ కాదు. నాయినకు తెలుసు. రోజూ కౌంటర్ అవతల నిలబడేది వాళ్లే. మన ఊర్లల్ల పెద్ద నౌకరి ఉన్నాయనను మనం ఎట్ల కొలుస్తమంటే, ఆ కుర్చీ మీదికెల్లి ఇంటోళ్లకు ఎంత వంచిండు అని కొలుస్తం. తహసీలు ఆఫీసైనా అంతే, దవాఖానైనా అంతే. వంచినాయనకు "మస్తు పాయిరం" అంటం, వంచనాయనను "రాయి" అంటం. ఆ వంచేది ఎవరి వాటా అని ఎన్నడూ అడగం. 2001ల కృషి కోఆపరేటివ్ బ్యాంకు మూతపడ్డప్పుడు, ఎనుకనే చార్మినార్ బ్యాంకు, ప్రుడెన్షియల్ బ్యాంకు పోయినప్పుడు, పింఛను పైసలు దాచుకున్న ముసలోళ్లు గేట్ల కాడ నిలబడ్డ ఫోటోలు పేపర్లల్ల వచ్చినయ్. నాయిన ఆ పేపరు మడిచి డ్రాయర్ల పెట్టుకున్నడు, పారెయ్యలే.

నా మీద గూడ ఇదే రూలు నడిచింది. నా ఎంసీఏకి ఎడ్యుకేషన్ లోను కావాలె. సొంతోళ్ల లోను మీద బ్యాంకు ఆఫీసరు తానే సంతకం పెట్టొద్దు, పై అధికారికి పోవాలె, అది రూలే, ఆ దారిల పోయినా తప్పు లేదు. నాయిన ఆ దారి గూడ వద్దన్నడు. నల్లగొండల వేరే బ్యాంకుకు నన్ను ఒక్కదాన్నే పంపిండు, నాలుగు లక్షల లోపు లోనుకు ఏం తాకట్టు పెట్టనవసరం లేదు, అడిగితే ఈ రూలు చెప్పు అని కాయితం మీద రాసిచ్చిండు. అక్కడ నన్ను రెండు నెలలు తిప్పిండ్రు. ఫీజు కట్టే ఆఖరి తారీకుకు మూడు రోజుల ముందు లోను వచ్చింది. ఆ రెండు నెలలు నేను నాయిన మీద ఎంత కోపంగ ఉన్ననో చెప్పలేను, "నువ్వు బ్యాంకోనివి అయ్యి నాకేం లాభం" అని మొఖం మీదనే అన్న. ఆయన నాతోని కొట్లాడలే. "నీ అసొంటి పిల్లలకు తండ్రి బ్యాంకుల లేకుంటే ఎట్లుంటదో నీకు తెలవాలె కదా బిడ్డా" అన్నడు. ఇప్పుడు హైదరాబాద్‌ల నా కంపెనీల సుట్టాల పిల్లలు రెజ్యూమెలు పంపి "అక్కా, జర చూడు" అన్నప్పుడల్ల ఆ కౌంటర్ల ముందట నిలబడ్డ రెండు నెలలు యాదికొస్తయ్. వాళ్లను కూసోబెట్టి ఇంటర్వ్యూకు చదివిస్త, ఆదివారాలు పొద్దంత చదివిస్త. ఫోన్ మాత్రం చెయ్య.

ఇంటోళ్లకు ఏం చెయ్యలే అంటరు కదా, చేసింది చెప్త. చిన్నాయిన మాట్లాడని ఆ నాలుగేండ్లల్లనే ఆయన బిడ్డ, నా చెల్లె, బీఎస్సీ నర్సింగ్‌ల చేరింది. నాలుగేండ్ల ఫీజు నాయిన కట్టిండు. బ్యాంకు పైసలతోని కాదు, తన పీఎఫ్ మీద అప్పు తీసి, జీతంల నెలనెలా కోయించుకొని. చిన్నమ్మకు తప్ప ఎవరికీ తెల్వదు, చిన్నాయినకు తెలిస్తే మాన్పిస్తడని. ఆ నాలుగేండ్లు నాయిన రెండు జతల బట్టలతోని నడిపిండు, మేము అడిగితే, "బ్యాంకుల ఎవరు చూస్తరు" అనెటోడు. ఇంట్ల మా అందరి లెక్క ఒక లాంగ్ బుక్కుల ఉండేది, ఎర్ర గీత, నల్ల గీత, ఎవరి ఫీజు, ఎవరి మందులు, అన్ని తారీకులతోని.

2013ల రిటైర్ అయిండు. మూడేండ్లకు అమ్మకు పక్షవాతం వచ్చి కుడి దిక్కు పడిపోయింది. ఆ రోజునుంచి ఆయన పోయేదాక అమ్మకు తల దువ్వి జడ వేసింది నాయినే. అరవై మూడేండ్లకు జడ వేసుడు నేర్చుకున్నడు. మా చిన్నప్పుడు పొద్దుగాల ఫస్ట్ బస్సు కోసం ఉరికెటోడు, నా జడ ఒక్కనాడు ముట్టలే, ఇప్పుడు మూడు పాయలు చేతుల పట్టుకొని నోట్లు లెక్కవెట్టినంత శ్రద్ధగ వేసెటోడు, వదులైతే మళ్ల విప్పి మళ్ల వేసెటోడు. బీపీ, షుగర్, ఏ గోలి ఎన్నింటికి, అన్ని ఆ లాంగ్ బుక్కులనే. ఇప్పుడు నేను వేస్తే అమ్మ చెయ్యి ఎనుకకు పెట్టి తడుముకొని, "మీ నాయిన వేసినట్టు లేదు" అంటది. నాకు గూడ తెలుసు, లేదు.

ఒక్క విషయంల మాత్రం నాయినది తప్పు అనే అంటున్న. గ్రామీణ బ్యాంకోళ్లకు పెద్ద బ్యాంకులోళ్ల లెక్క పెన్షన్ లేకుండె. రిటైరైనంక ఆయనకు వచ్చేది పీఎఫ్ పెన్షన్, మూడు వేలు గూడ నిండదు. 2018ల సుప్రీంకోర్టుల కేసు గెలిచినంక పెన్షన్ వచ్చింది, గని అది కావాలంటే రిటైరైనప్పుడు తీసుకున్న పీఎఫ్‌ల బ్యాంకు వాటాను మిత్తితోని వాపస్ కట్టాలె. ఆ పైసలు అమ్మ దవాఖానకు, నా పెండ్లికి అయిపోయినయ్. నేను, తమ్ముడు కూడగట్టినా ఎనభై వేలు తక్కువ పడ్డయ్. ఎవరు చెప్పిండ్రో తెల్వదు, ఒక పొద్దుగాల చిన్నాయిన వచ్చిండు, చేతిల కవరు. చెల్లె అప్పటికి హైదరాబాద్‌ల స్టాఫ్ నర్సు, ఆమె పంపినయ్ అన్నడు. ఫీజు సంగతి ఆయనకు ఎప్పుడు తెలిసిందో, ఎవరు చెప్పిండ్రో, ఇద్దరిల ఎవరూ ఆ మాట ఎత్తలే. నాయిన తీసుకున్నడు. అప్పుడు నేను అనుకున్న, ఇగ అయిపోయింది, ఇన్నేండ్ల తర్వాత అన్నదమ్ములు కలిసిండ్రు అని.

పెన్షన్ పడుడు మొదలైనంక ఎనిమిది నెలలల్ల నాయిన ఆ ఎనభై వేలు లెక్కవెట్టి చిన్నాయినకు వాపస్ ఇచ్చిండు. చిన్నాయిన మొఖం నేను చూసిన, బోరుల దుమ్ము లేచిన నాడు గూడ అంత చిన్నబోయి ఉండడు. బ్యాంకు పైస ముట్టొద్దు, సరే. తమ్ముడు ప్రేమతోని తెచ్చిన పైస గూడ బాకీ లెక్కనే రాసుకోవాల్నా? నా చెల్లె ఫీజు తను కట్టినప్పుడు నాయిన వాపస్ అడిగిండా? ఇచ్చుడు తెలిసిన మనిషికి తీసుకునుడు రాలే. ఈ మాట ఆయన బతికుండంగనే అన్న. "అప్పు అప్పే బిడ్డా" అన్నడు. కాదు నాయినా, అన్న. అక్కడికి ఆగిపోయింది ఆ మాట, ఇంకా మాట్లాడుదామనుకున్న, టైం దొరకలే.

పదకొండో రోజు ఆ సుట్టపాయన "మనోళ్లకు ఏం చేసిండు" అన్నప్పుడు చిన్నాయిన ఆయనకు ఎదురు వరుసలనే కూసున్నడు. విన్నడు. అన్నం సగంలనే విస్తరి మడిచి లేచి చెయ్యి కడుక్కున్నడు. రాత్రి అందరు పోయినంక, సామాను సర్దుతుంటే నా దగ్గరికి వచ్చి, "మీ నాయిన రాసే పుస్తకం ఒకటుంటుండె" అన్నడు. తెచ్చి ఇచ్చిన. లైటు కింద కూసొని ఒక్కొక్క పేజీ తిప్పి, తన పేరున్న కాడ ఆగిండు. "తమ్ముని నుంచి ముట్టినవి 80,000", దాని కింద వాపస్ ఇచ్చిన తారీకు, పక్కన నాయిన చిన్న సంతకం. ఇంకా ఎనుకకు తిప్పితే చెల్లె ఫీజులు, ఎనిమిది ఎంట్రీలు, వాటి ముందట వాపస్ అనే గడి ఖాళీగ ఉంది, అడ్డంగ ఒక గీత కొట్టి ఉంది. చిన్నాయిన ఆ గీత మీద వేలు పెట్టి చానాసేపు కూసున్నడు.

"ఈ కాయితం నాకిస్తవా బిడ్డా" అన్నడు.

నాయిన లెక్కల పుస్తకంల నుంచి కాయితం చింపనిచ్చెటోడు కాదు. నేను పుస్తకమే ఇచ్చిన. ఇంకా ఆయన దగ్గరనే ఉంది.